గాలి దెబ్బ: చైనా వైద్యుని ఓషధులు

మన పలనాటి పత్తిచేలలో, గుంటూరు మిరపకల్లములలో పక్షవాతమను మాట వినని యింటివారుండరు. వాతమనగా గాలి. చైనా వైద్యులును ఈ వ్యాధిని 'జోంగ్‌ఫెంగ్' అనిరి; గాలి దెబ్బ యని దాని యర్థము. వేల మైళ్ల దూరమున నున్న రెండు జాతులును ఒకే దోషిని పట్టుకొన్నవి.

ఈ సీమకు చైనాతో పరిచయము పాతదే. క్రీ.శ. 3వ శతాబ్దిన, ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 14వ యేట, నాగార్జునకొండ లోయలో చెక్కిన ప్రాకృత శాసనమున చీనదేశము పేరు కలదు. 7వ శతాబ్దిలో హ్యూన్‌త్సాంగ్ ధాన్యకటకమున కొన్ని మాసములు నివసించి శాస్త్రాధ్యయనము చేసెను. అయితే వ్యాధి పేరు ఆ యాత్రికునితో ప్రయాణము చేసినది కాదు. రెండు వైద్యములందును అది అంతకు మున్నే కలదు.

ఆ గాలిని శంకించిన చైనా వైద్యుడు వాంగ్ ఛింగ్‌రెన్ (1768–1831). ఇతడు 1797లో, అంటువ్యాధిచే మరణించిన శిశువుల కళేబరములను శ్మశానమున స్వయముగా పరిశీలించి, పూర్వుల శారీరశాస్త్రమున తప్పులున్నవని గ్రహించెను. 1830లో ఆ తప్పులను దిద్దుచు గ్రంథము ప్రకటించెను. ప్రాణశక్తి సగము క్షీణింపగా, మిగిలినది ఒక ప్రక్కకే చేరుటచే రెండవ ప్రక్క పడిపోవునని అతని వాదము. అతని కషాయమున ఏడు ద్రవ్యములు. అందు హువాంగ్‌ఛీ అను వేరు తూకము, తక్కిన ఆరింటి మొత్తమునకు అయిదురెట్లకు పైమాట. ఆ యారింటిలో ఎండిన వానపాములును, నల్లరేగడి రైతులెరిగిన కుసుమపువ్వును గలవు.

వాంగ్ చెప్పిన కారణమును నిలువలేదు. మెదడులోని రక్తనాళము పూడుకొనుటయో, చిట్లుటయో ఈ వ్యాధికి మూలమని నేడు తెలియును. మరి చైనా ఓషధుల మాటయేమి? నాళము పూడుకొన్న 1,099 మందిపై ఒక మూలికల గుళికను పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. రక్తస్రావమైన 1,648 మందిపై, చైనాలోని 26 ఆస్పత్రులలో, వేరొక కషాయమును పరీక్షించిన ఫలితములు 2024లో వెలువడినవి. మూడు మాసముల పిదప చూడగా, ఔషధగుణము లేని ఉత్తిమందు పుచ్చుకొన్నవారికంటె వీరు మెరుగుగా కోలుకొన్నట్లు కనబడలేదు.

కావున ఇంట నెవరికైన మూతి వంకరపోయినను, చేయి వాలినను, మాట తడబడినను, ముందు గడియారము చూడుడు. పూడిక కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. పూడికయో రక్తస్రావమో ఆస్పత్రిలో చిత్రము తీసిననే తెలియును. కషాయము కాచుచు ఆ గంటలను పోగొట్టుకొనరాదు. పూర్వుల మాటనైనను కన్నులార చూచి నమ్మవలెనని వాంగ్ పండితుడు కోరెను. అతని దేశపు మందులకును ఆ నియమమే వర్తించును.