గర్భకాలపు మందులు – నవజాత శిశువు థైరాయిడ్

గర్భిణి వాడే కొన్ని మందులు మాయను దాటి శిశువు థైరాయిడ్ గ్రంథి పనిని మారుస్తాయి. పిండంలో ఈ గ్రంథి 10–12 వారాలకు అయోడిన్‌ను పట్టుకోవడం మొదలుపెడుతుంది.

1820లో జెనీవా వైద్యుడు క్వాందే గాయిటర్‌కు (థైరాయిడ్ వాపుకు) అయోడిన్ ఇచ్చాడు. తర్వాతి కాలంలో అయోడైడ్లు దగ్గు, ఉబ్బసం మందుల్లోకీ చేరాయి.

1940ల తొలినాళ్లలో జాన్స్ హాప్కిన్స్‌లో జూలియా, కాస్మో మెకెంజీలు ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవులను అణచడానికి సల్ఫాగ్వానిడిన్ పెట్టారు. ఎలుకల థైరాయిడ్లు ఉబ్బాయి. హార్మోన్ తయారీ ఆగితే పిట్యూటరీ థైరాయిడ్‌ను తరుముతుందని, వాపు అందువల్లేనని తేలింది. ఈ సూత్రం పట్టుకునే బోస్టన్‌లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ 1943లో థయోయురాసిల్‌తో థైరాయిడ్ ఉద్రేకాన్ని తగ్గించాడు. ఎలుకల బోనులోంచి పుట్టిన ఇంత చక్కని చికిత్స వైద్యచరిత్రలో అరుదు. ప్రొపైల్‌థయోయురాసిల్, మెథిమజోల్, 1951లో కార్బిమజోల్ వెంట వచ్చాయి. మన మందుల షాపుల్లో నియోమెర్కజోల్ పేరుతో దొరికేది ఈ చివరిదే. ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గా మారుతుంది.

ఈ మందులన్నీ మాయను దాటేవే. మోతాదు మించితే శిశువు గాయిటర్‌తో పుట్టవచ్చు: మెడ ముందు వాపు, అది శ్వాసనాళాన్ని నొక్కితే గురగురమనే ఊపిరి. అయోడిన్ మితిమీరినా అంతే: ఉబ్బసానికి తల్లి నెలల తరబడి తాగిన అయోడైడ్ వల్ల ఇలాంటి వాపు ప్రాణాంతకమైన ఉదంతాలు 1960లలో నమోదయ్యాయి. గ్రేవ్స్ జబ్బు (యాంటీబాడీలు థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే జబ్బు) ఉన్న తల్లుల పిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. మందు కొద్ది రోజుల్లోనే బిడ్డ రక్తంలోంచి పోతుంది, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు వారాల తరబడి నిలుస్తాయి. అందుకే పుట్టినప్పుడు మందకొడిగా ఉన్న గ్రంథి వారం తిరిగేసరికి అతిగా పనిచేయవచ్చు.

1974లో క్యుబెక్‌లో జాన్ దుసో మొదలుపెట్టిన మడమ రక్తపు చుక్క పరీక్షతో థైరాయిడ్ లోపం లక్షణాలకు ముందే బయటపడసాగింది. హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రజ్ఞులు 2000 ప్రాంతంలో ఇలాంటి పరీక్షలు జరిపారు. 1986లో జపాన్ వైద్యుడు మొమొతాని బృందం, మందు వాడే తల్లి రక్తంలో ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ను సాధారణ పరిధి పైఅంచున ఉంచితే బిడ్డ గ్రంథి కుదురుగా ఉంటుందని చూపింది. నేటికీ మోతాదుకు అదే ఆధారం. మెథిమజోల్‌తో పుట్టుకలోపాలు, ప్రొపైల్‌థయోయురాసిల్‌తో కాలేయహాని బయటపడ్డాక, తొలి మూడు నెలలు రెండోదే వాడడం వాడుకైంది. గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ బరువులో సుమారు 37 శాతం అయోడినే కనుక, అది వాడిన తల్లి బిడ్డకు థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. తల్లి థైరాయిడ్ లోపానికి వాడే లెవోథైరాక్సిన్ వేరు: మాయను దాటేది కొద్దే, గర్భంలో దాన్ని మానకూడదు.