తెలుగింటి అలంకరణము – మూడు పొరలు

రాజుల కోటలను, దేవాలయములను, శాసనములను గూర్చి జరిగినంత పరిశోధన సామాన్యుని యింటిని గూర్చి జరుగలేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించి, పూర్వకావ్యములనుండి జనుల తిండిని, బట్టను, ఆటపాటలను ఏరి చూపవచ్చునని నిరూపించిరి. ఆ మార్గముననే మేమీ వ్యాసమున ఒక చిన్న విషయమును తీసికొనుచున్నాము. తెలుగువారు తమ యిండ్లను ఏ విధముగ అలంకరించుకొనిరి? ఆ అలంకరణము వారికి సంతోషమును కలిగించుటకు కారణమేమి? మొదటి ప్రశ్నకు జాబితా వ్రాసిన సమాధానము దొరకును. రెండవది అంత సులభము కాదు. అందముగ నుండుటచేతనే సంతోషము కలుగునని చెప్పిన చాలదు. ఉదయమున పెట్టి, మధ్యాహ్నమునకే కాలిక్రింద చెరిగిపోవు ముగ్గును మరునాడు మరల పెట్టుటకు అందమొక్కటే కారణము కాజాలదు.

తెలుగింటి అలంకరణమును మేము కాలమునుబట్టి మూడు పొరలుగ విభజించుచున్నాము. మొదటిది ప్రతిదినము వేసి ప్రతిదినము చెరిగిపోవు పొర: కళ్ళాపి, ముగ్గు, గడప పసుపు. రెండవది ఏటేట క్రొత్తదియగు పొర: గోడ సున్నము, ఎఱ్ఱమట్టి పట్టె, మామిడాకుల తోరణము, బొమ్మల కొలువు. మూడవది తరతరములు నిలుచు పొర: పటములు, పెద్దల ఛాయాచిత్రములు, పుట్టింటినుండి వచ్చిన ఇత్తడి, కొయ్య వస్తువులు. ఒక యిల్లు ఈ మూడింటి కలయిక. ఏ పొరయు ఒక్కనాట పూర్తి కాదు. ఇంటివారి చేతికి ఎప్పుడును ఏదో కొంత పని మిగిలియుండును. ఈ మిగిలియుండుటయే సంతోషమునకు మూలమని మా యభిప్రాయము. దానిని సోదాహరణముగ నిరూపింప యత్నింతుము.

ఇల్లు ఇంటివాని అభిరుచికి గుర్తని చెప్పుట మన దేశమున క్రొత్త కాదు. క్రీస్తుశకము 3వ శతాబ్ది ప్రాంతపుదని పండితులు తలంచు వాత్స్యాయనుని కామసూత్రమున నాగరకుని గది వర్ణన కలదు. గోడకు దంతపు కొక్కెమున తగిలించిన వీణ, చిత్రఫలకము, కుంచెల పెట్టె, ఏదో యొక పుస్తకము, పూలదండలు అందు చెప్పబడినవి. ఇవి ధనమును చాటు వస్తువులు మాత్రమే కావు. వాయించుటకు, గీయుటకు, చదువుటకు ఉంచుకొన్నవి. ఆ గ్రంథమే అరువదినాలుగు కళలలో బియ్యముతోను పూలతోను నేలపై ఆకృతులు కూర్చుటను ఒక కళగ లెక్కించినది. గృహిణి కర్తవ్యములను చెప్పుచోట ఇల్లు శుచిగ నుండుటను, నేల నున్నగ నుండుటను, నానావిధ పుష్పములు అమర్చుటను పేర్కొన్నది. నాగరకుని గది ధనికునిది. నేల నలంకరించుట మాత్రము పేదకును సాధ్యమైన పని. అందుచేతనే మన చరిత్ర నేలనుండి ఆరంభింపవలసియున్నది.

12వ శతాబ్ది పూర్వార్ధమున కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున చిత్రభేదములను చెప్పుచు ‘ధూళిచిత్రము’ను ఒకటిగ పేర్కొనెను. రంగుల పొడులతో నేలపై తీర్చు చిత్రమే యది. అంతకు పూర్వమే తమిళమున గోదాదేవి నాచ్చియార్ తిరుమొళిలో నేల శుభ్రపరచి మండలము తీర్చుట, సన్నని యిసుకతో వీథి నలంకరించుట చెప్పియున్నది. ఆ గోదాదేవి కథయే శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు వస్తువగుటచేత ఆమె తెలుగు పాఠకులకు పరాయిది కాదు. శాస్త్రగ్రంథమున ఒక రాజు లెక్కించినదియు, భక్తికవితయందు ఒక కన్య చేసినదియు దాదాపు ఒకే పని యగుట గమనింపదగినది.

తెలుగు పల్లెలలో ఈ పనికొక క్రమము కలదు. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, తడి ఆరకముందే ముగ్గురాతి పిండితో ముగ్గు పెట్టుదురు. పండుగలకు బియ్యపుపిండి వాడుదురు. చుక్కలు పెట్టి కలుపునవి చుక్కల ముగ్గులు; చుక్కలచుట్టు తిరుగు గీతతో అల్లునవి మెలికల ముగ్గులు. చుక్కల లెక్క తప్పిన మెలిక ముగియదు. కావున ముగ్గు చేతిపని మాత్రమే కాదు, లెక్కయు జ్ఞాపకమును. తల్లి వ్రేళ్ళను చూచి కూతురు నేర్చుకొన్న ఈ విద్యకు అచ్చుపుస్తకములు తరువాత వచ్చినవి.

ముగ్గు ఇంటివారు ఊరితో మాటలాడు భాష కూడ. వాకిట ముగ్గున్న యింట అంతయు క్షేమమని వీథిన బోవువారు గ్రహింతురు. మైల వచ్చిన యింట ముగ్గుండదు. ఆ లేమియే వార్తను చెప్పును. ధనుర్మాసమంతయు వాకిళ్ళు పెద్ద ముగ్గులతో, గుమ్మడిపూలు గ్రుచ్చిన గొబ్బెమ్మలతో నిండును. సంక్రాంతి వెళ్ళునాడు రథపు ముగ్గు పెట్టి, దాని పగ్గమును ప్రక్కయింటి రథమునకు కలుపుదురు. ఒక యింటి అలంకరణము మరియొక యింటి అలంకరణముతో కలిసినగాని పూర్తి కాకుండుట ఇందలి విశేషము. తన చేయి, తన వాకిలి, తన లెక్క. కాని పగ్గపు కొన పొరుగువారిది.

ఇక రెండవ పొర. పండుగకు ముందు గోడలకు సున్నము వేయుట, అడుగున ఎఱ్ఱమట్టితో పట్టె తీర్చుట, అరుగులు అలికి అంచులకు తెల్లని గీతలు వేయుట పల్లెయిండ్ల వార్షిక కృత్యములు. తెలంగాణమున ఈ యెఱ్ఱమట్టిని జాజు అందురు. సున్నముపై సున్నము, జాజుపై జాజు పడి, పాతగోడ పెచ్చు ఊడినచోట ఆ యింటి సంవత్సరములు పొరలు పొరలుగ కనబడును.

వార్షికాలంకరణమున బొమ్మల కొలువు ప్రత్యేక స్థానము వహించుచున్నది. దీనిని కొన్ని తావుల దసరాకు, కొన్ని తావుల సంక్రాంతికి తీర్చుదురు. బేసిసంఖ్య మెట్లపై తెల్లని వస్త్రము పరచి, దేవతల బొమ్మలు, పెండ్లిబృందము, అంగడి, పల్లెబ్రతుకు వరుసగ నిలుపుదురు. విజయవాడకు సమీపముననున్న కొండపల్లి బొమ్మలు ఈ కొలువులకు ప్రసిద్ధములు. తెల్లపొణికి యను తేలికకొయ్యను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములు అతికి, సున్నపుపూత వేసి, పిమ్మట రంగులు దిద్దుదురు. అనగా బొమ్మయు పొరలతోనే తయారగుచున్నది. కొలువునకు ఏటేట ఒక క్రొత్త బొమ్మనైన చేర్చుట అనేక కుటుంబముల ఆచారము. అమ్మమ్మనాటి చెయ్యి విరిగిన కృష్ణుడును, నిన్న అంగడిలో కొన్న ప్లాస్టిక్ విమానమును ఒకే మెట్టుపై నిలుచును. శిల్పదృష్టితో చూచువానికి ఇది పొత్తు కుదరని కూర్పు. ఇంటివారికి అది కుటుంబచరిత్ర. కొలువు చూడ వచ్చిన పేరంటాండ్రకు గృహిణి ఒక్కొక్క బొమ్మ వచ్చిన కథ చెప్పును. బొమ్మలు ఆ కథలకు ఆనవాళ్ళు.

మూడవ పొరయైన పటములకును మన సాహిత్యమున ఆధారము కలదు. ఓరుగంటి జీవితమును చిత్రించిన క్రీడాభిరామమున మాచల్దేవి చిత్రశాలా ప్రవేశము ప్రసక్తమైనది. అది రాజాశ్రయమున వెలసిన వైభవము. సామాన్యుని గోడకు పటము విరివిగ వచ్చుటకు అచ్చుయంత్రము కారణమైనది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించిన పిదప లక్ష్మీ సరస్వతుల రంగుపటములు దేశమంతట వ్యాపించినవి. ఒకే అచ్చునుండి వెలువడిన పటము వేలయిండ్లలో ఒక్కతీరుగ నుండవలెను. కాని దక్షిణదేశమున అనేకులు ఆ పటముపై జరీ కుట్టిరి, తళుకులు అతికిరి, దేవికి గుడ్డచీర కట్టిరి. యంత్రము చేసిన వస్తువుపై ఇంటిచేయి ఒక పొర వేసినతోడనే అది ఆ యింటిదైనది. పటముల ప్రక్కనే పెద్దల ఛాయాచిత్రములు వ్రేలాడినవి. దేవునికి వేసిన దండయే గతించిన తండ్రికిని వేసిరి.

గోడపై గతించినవారికి చోటిచ్చుట ఇంకను ప్రాచీనమైన భావమని సవరల గృహచిత్రములు తెలుపుచున్నవి. ఒడిశా, ఆంధ్ర సరిహద్దు కొండలలో నివసించు వీరిని గూర్చి వెరియర్ ఎల్విన్ 1955లో బృహద్గ్రంథమును ప్రకటించెను. ఎఱ్ఱమట్టి గోడపై బియ్యపుపిండితో గీయు ఆ చిత్రములు పితృదేవతలకు, ఇతర దేవతలకు నివాసములని వారి విశ్వాసము. వ్యాధి వచ్చినపుడో, మృతులను గౌరవించునపుడో వానిని గీయింతురు. ఇచట అలంకరణము కన్నులకింపు కొరకు కాదు, మనశ్శాంతి కొరకు. నట్టింటి ఛాయాచిత్రమునకును సవరగోడకును విశ్వాసమున భేదమున్నను, ప్రయోజనమున బంధుత్వము లేకపోలేదు.

అలంకరణము పూర్తియైపోయిన యింట సంతోషమేల కొఱవడునో తెలియుటకు ఒక విదేశీయుని రచన ఉపకరించును. వియన్నా నగర వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ అలంకారమునకు ప్రబలశత్రువుగ ప్రసిద్ధుడు. ఆతడే 1900లో ఒక పేద ధనవంతుని కథ వ్రాసెను. అందలి ధనవంతుడు తన యింటిలోని సమస్తమును ఒక శిల్పిచేత కూర్పించుకొనెను. పుట్టినరోజున భార్యాబిడ్డలు ప్రేమతో కానుకలు తేగా, వానిని ఉంచుటకు ఆ యింట చోటు లేదని శిల్పి కోపించెను. అంతయు సమకూరిన యింట ఇక కోరదగినది, చేర్చదగినది ఏదియు లేక ఆ గృహస్థుడు దుఃఖితుడయ్యెను. ఆ యింటిని మన బొమ్మల కొలువుతో పోల్చిచూడుడు. బిడ్డ తెచ్చిన మట్టిబొమ్మకు చోటులేని కొలువు లేదు. కావలసినచో ఇంకొక మెట్టు కట్టుదురు.

ఆధునిక మనశ్శాస్త్రమును ఈ మాటను బలపరచుచున్నది. చిక్‌సెంట్‌మిహాయి, రోచ్‌బర్గ్-హాల్టన్ అను పండితులు చికాగో ప్రాంతమున 82 కుటుంబములకు చెందిన 315 మందిని వారి యింటి వస్తువులలో ప్రియమైనవెవ్వియని ప్రశ్నించి, 1981లో ఫలితములను గ్రంథముగ వెలువరించిరి. జనులు వస్తువులను ప్రేమించుట వెలనుబట్టి కాక ప్రధానముగ వానితో ముడివడిన జ్ఞాపకములను, బంధువులను, స్వానుభవములనుబట్టియే యని వారు కనుగొనిరి. కొలువు ముందు కూర్చుండి కథలు చెప్పిన మన గృహిణులు ఆ ప్రశ్న అడుగకముందే ఈ సమాధానమును ఎఱుగుదురు.

అయితే ఈ చరిత్రను కేవలము ఆనందచరిత్రగ వ్రాయుట న్యాయము కాదు. ‘ఇల్లు చూచి ఇల్లాలిని చూడు’మను సామెత మెప్పుదల మాత్రమే కాదు, తీర్పు కూడ. చీకటితో లేచి వాకిలి ఊడ్చు భారము స్త్రీలదే యైనది. అంతకంటె కఠినమైనది మరియొకటి. పసుపు కుంకుమల శుభకార్యములనుండి వితంతువులను ఆచారము దూరముగ నుంచినది. చిన్ననాట నేర్చిన ముగ్గు చేతిలోనే యుండగా, పేరంటమునకు పిలుపు లేక చాటున నిలిచిన స్త్రీలెందరో! కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున జరిపించిన వితంతువివాహము ఒక స్త్రీకి భర్తను మాత్రమే కాక గడపను, తోరణమును, కొలువును కూడ తిరిగి యిచ్చినదని మేము భావించుచున్నాము. అలంకరించు హక్కు పోవుట దుఃఖమైనపుడే, అలంకరించుట ఎంతటి సంతోషమో తెలియును.

నేడు మట్టినేల పోయి సిమెంటు, పలకరాళ్ళు వచ్చినవి. నగరములలోని బహుళాంతస్తుల యిండ్లకు వాకిలి లేదు. తలుపు తెరచిన నడవ. పిండిముగ్గునకు బదులు అతికించు ముగ్గుకాగితములు అంగడిలో దొరకుచున్నవి. అవి చెరగవు. చెరగకుండుటయే వాని కొఱత, మరునాటికి పని మిగులదు. అట్లని పాతవాకిలికై వగచి ప్రయోజనము లేదు. నడవలోని రెండడుగుల చోట సుద్దముక్కతో మెలిక తీర్చువారును, దూరదేశములలో పుస్తకపు బీరువా అరలనే మెట్లుగ జేసి కొలువు పెట్టు తెలుగువారును కలరు. చోటు మారినను, పొర వేయు చేయి ఇంటివారిదైనంతవరకు సంప్రదాయము నిలిచినట్లే.

పరిశోధక విద్యార్థులకు ఇచట విశాలమైన క్షేత్రమున్నది. ముగ్గుల ఆకృతులను సేకరించుట మాత్రము చాలదు. ఎవరు ఎవరివద్ద నేర్చిరి, ఏ యింట ఏ బొమ్మ ఏ సంవత్సరమున చేరినది, ఏ పటముపై ఎవరు జరీ కుట్టిరి, ఎవరిని ఆ పనికి రానీయలేదు అను ప్రశ్నలు వృద్ధస్త్రీల నడిగి వ్రాసికొనవలెను. రాజుల చరిత్రకు శాసనములు నిలిచియున్నవి. ముగ్గుపిండితో వ్రాసినవారి చరిత్రకు వారి నోటిమాటయే శాసనము. ఆ మాట వినుటకు ఆలస్యము చేయరాదు.