డయల్‌కు కొత్త రంగు ఎందుకు?

1961లో జపాన్ సంస్థ సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ బెంగళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది. తెలుగు ఇళ్లలో పెళ్లికొడుక్కి వాచీ పెట్టడమంటే చాలాకాలం హెచ్‌ఎంటీయే.

ఆ రోజుల్లో మాసిన డయల్‌కు రంగు వేయించడం, కేసుకు పాలిష్ పట్టించడం మామూలే. పాత వాచీలు సేకరించేవారు ఇప్పుడు దాన్నే నష్టమంటున్నారు. నటుడు పాల్ న్యూమన్ వాడిన రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో దాదాపు 1.78 కోట్ల డాలర్లు పలికింది. దాని వెనక, జాగ్రత్తగా నడపమంటూ భార్య జోన్ వుడ్‌వర్డ్ చెక్కించిన అక్షరాలున్నాయి. గట్టిగా పాలిష్ పడితే ముందు అరిగేవి అవే!

లోపలి యంత్రం సంగతి వేరు. నూనె ఎండిపోయాక నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. విప్పి, శుభ్రం చేసి, కొత్త నూనె వేయాల్సిందే. డయల్‌ను మాత్రం ముట్టుకోకూడదు. రంగు వేయడానికి ముందు గీకేసిన పాత అచ్చు మళ్లీ రాదు.