బ్యాక్టీరియా రంజనం: ఆస్ట్రేలియా చరిత్ర

బ్యాక్టీరియా కణంలో ఎక్కువ భాగం నీరే. వెలుతురు దాని గుండా దాదాపు మార్పు లేకుండా సాగిపోతుంది కనుక, గాజుపలక మీద లక్షలున్నా సూక్ష్మదర్శినిలో సరిగా ఆనవు. వాటికి రంగు పట్టించి ఆకారాన్నీ రకాన్నీ తేల్చే పద్ధతే రంజనం. ల్యాబుల్లో అందరూ స్టెయినింగ్ అంటారు. పద్ధతులు పుట్టింది యూరప్, అమెరికాల్లో. అయితే సరైన రంగు పడకపోతే కళ్లెదుట ఉన్న రోగకారకం కూడా ఎలా తప్పించుకుంటుందో ఆస్ట్రేలియా చరిత్ర బాగా చూపిస్తుంది.

1884లో డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో ఉండగా ప్రకటించిన పద్ధతి నేటికీ మొదటి మెట్టు. ముందు ఊదా రంగు, దానిమీద అయోడిన్, తర్వాత ఆల్కహాల్‌తో కడగడం. మందమైన కణకవచం ఉన్నవి ఊదాను వదలవు, అవి గ్రామ్ పాజిటివ్. పలుచని కవచం ఉన్నవి వెలిసిపోయి, చివర్లో వేసే సాఫ్రనిన్‌తో గులాబీ రంగుకు తిరుగుతాయి, అవి గ్రామ్ నెగెటివ్. గుండ్రటివా, కడ్డీల్లాంటివా, మెలి తిరిగినవా అన్నదీ అదే చూపులో తెలుస్తుంది. మైనపు పొర కప్పుకున్న క్షయ బ్యాక్టీరియా మాత్రం ఈ రంగుకు సరిగా లొంగదు. దానికి జీల్–నీల్సన్ పద్ధతి వచ్చింది. వేడి చేసి పట్టించిన ఎర్ర రంగు ఆమ్లంతో కడిగినా పోదు.

ఈ రెండు పద్ధతులకూ ఆస్ట్రేలియాలో పరీక్ష ఎదురైంది. 1935లో బ్రిస్బేన్ కబేళా కార్మికుల్లో అంతుచిక్కని జ్వరం కనిపించింది. ఎడ్వర్డ్ డెరిక్ దానికి క్యూ ఫీవర్ అని పేరు పెట్టాడు. ఆయన పంపిన నమూనాలతో మెల్‌బోర్న్‌లో మెక్‌ఫార్లేన్ బర్నెట్ ప్రయోగాలు చేసి, జబ్బు సోకిన ఎలుకల ప్లీహంలో కారకాన్ని పట్టుకున్నాడు. కాక్సియెల్లా బర్నెటై అనే ఆ జీవి కవచం గ్రామ్ నెగెటివ్ తరహాదే అయినా గ్రామ్ రంగు దానికి సరిగా పట్టదు. దాన్ని స్పష్టంగా చూపే హిమెనెజ్ పద్ధతి 1960లలో గానీ రాలేదు.

విక్టోరియా రాష్ట్రంలోని బేర్న్స్‌డేల్ ప్రాంతంలో మానని చర్మపు పుండ్లది ఇంకో కథ. వాటి కణజాలంలో జీల్–నీల్సన్ ఎరుపును వదలని కడ్డీలు కనిపించాయి. క్షయ బ్యాక్టీరియాకు దగ్గర చుట్టమని తెలిసినా, మామూలుగా వాడే 37 డిగ్రీల వేడిలో పెంచితే పెరగలేదు. వేడి కొంత తగ్గితేనే పెరిగింది. పీటర్ మెక్‌కలమ్ బృందం 1948లో ప్రకటించిన ఈ జీవే మైకోబ్యాక్టీరియం అల్సరన్స్. ఆఫ్రికాలో బురులి పుండు అని పిలిచే జబ్బు కూడా దీనిదే.

అసలు ఘట్టం మాత్రం పెర్త్‌లో జరిగింది. 1979 జూన్‌లో రాయల్ పెర్త్ హాస్పిటల్ పెథాలజిస్టు రాబిన్ వారెన్, ఒక రోగి జీర్ణాశయం నుంచి తీసిన ముక్కను చూస్తున్నాడు. మామూలు హిమటాక్సిలిన్–ఇయోసిన్ రంగులో పొర అంచున పలుచని నీలి గీత కనిపించింది. మరింత పెద్దదిగా చేసి చూస్తే అది బ్యాక్టీరియా గుంపు అనిపించింది. ఆమ్లం నిండిన కడుపులో ఏ బ్యాక్టీరియా నిలవదన్నది అప్పటి గట్టి నమ్మకం కనుక తోటివారు ఒప్పుకోలేదు. వారెన్ వార్తిన్–స్టారీ వెండి రంజనం చేయించాడు. అమెరికాలో సిఫిలిస్ క్రిములను చూడటానికి 1920 నాటికి రూపొందిన పద్ధతి అది. బ్యాక్టీరియా మీద చేరిన వెండి, ఫొటోలు కడిగే హైడ్రోక్వినోన్ తగలగానే నల్లబడుతుంది. ఆ పూతతో సన్నటి జీవి లావుగా కూడా అగుపిస్తుంది. పసుపు నేపథ్యం మీద నల్లటి వంకర కడ్డీలు తేలాయి. ఇక కాదనడానికి వీల్లేకపోయింది.

నిజానికి ఇవి అంతకుముందూ కంటబడ్డాయి. 1940లో అమెరికాలో ఫ్రీడ్‌బర్గ్, బారన్ వెండి రంజనంతోనే మనుషుల జీర్ణాశయంలో మెలి తిరిగిన క్రిములను చూశారు. 1954లో ఎడ్డీ పామర్ వెయ్యికి పైగా నమూనాలను మామూలు రంగుతో చూసి ఏమీ లేవని తేల్చాడు. వైద్యలోకం రెండో మాటనే నమ్మింది. ఆ రంగు ఎంపిక పాతికేళ్ల కాలాన్ని మింగేసిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

1981లో యువ వైద్యుడు బారీ మార్షల్ వారెన్‌తో కలిశాడు. మరుసటి ఏడాది వందమంది రోగులను పరీక్షించారు. ప్లేట్ల మీద బ్యాక్టీరియాను పెంచబోతే మొదట అన్నీ విఫలమే. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు రెండు రోజులకు బదులు ఇంకొన్నాళ్లు ఉండిపోయాయి, అప్పుడు పెరిగింది. గ్రామ్ నెగెటివ్, వంకర ఆకారం. 1984లో లాన్సెట్‌లో వచ్చిన వారి వ్యాసం ప్రకారం, చిన్నపేగు మొదట్లో పుండు ఉన్న రోగులందరిలోనూ ఇది ఉంది. అదే ఏడాది మార్షల్ ఈ బ్యాక్టీరియా ద్రావణాన్ని తానే తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నాడు. జనం గుర్తుపెట్టుకున్నది ఆ సాహసాన్నే. వారెన్ చేయించిన వెండి రంజనానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

1989లో దీనికి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే పేరు స్థిరపడింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కడుపులో పుండంటే కారాన్నీ టెన్షన్‌నూ తిట్టుకోవడం మన ఇళ్లలో ఇంకా పోలేదు గానీ, ఈ బ్యాక్టీరియా వల్ల వచ్చిన పుండు యాంటీబయాటిక్ మందులతో మానుతుంది. వారెన్ 2024 జూలైలో పెర్త్‌లో కన్నుమూశాడు. ఇప్పుడు ఈ బ్యాక్టీరియాను గుర్తించడానికి ఊపిరి పరీక్ష, యూరియేజ్ పరీక్ష వచ్చాయి. వెండి పద్ధతి ఖరీదైనది, చేయడం కష్టం కనుక చాలా ల్యాబుల్లో దాని స్థానంలో గీమ్సా రంగు వాడుతున్నారు.