గెలుపు అలవాటు లేనివాళ్లు

మాంచెస్టర్ సిటీ అభిమానుల్లో పెద్దరికం ట్రోఫీలతో రాదు. 2023లో ఇస్తాంబుల్ దాకా వెళ్లి చాంపియన్స్ లీగ్ ఫైనల్ చూశానంటే పక్కవాడు సంతోషించి ఊరుకుంటాడు. 1998 డిసెంబరులో యార్క్ వెళ్లానంటే మాత్రం కుర్చీ జరిపి కూర్చోబెడతాడు. ఆ రోజు యార్క్‌లో సిటీ 2-1 తేడాతో ఓడిపోయింది. అదీ మూడో అంచె లీగ్‌లో. క్లబ్ పుట్టాక అంత కిందికి దిగజారింది లేదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు, అదీ కాస్త గర్వంగానే.

అక్కడికి పదేళ్లు నిండకముందే, 2008 సెప్టెంబరు 1న, అబుదాబి రాజకుటుంబీకుడు షేక్ మన్సూర్ తరఫు సంస్థ క్లబ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. అదే రోజు అర్ధరాత్రిలోగా రియల్ మాడ్రిడ్ నుంచి రొబీన్యో వచ్చేశాడు. ధర 3.25 కోట్ల పౌండ్లు. బ్రిటన్‌లో అంతకుముందు ఏ ఆటగాడికీ ఎవరూ అంత పెట్టలేదు. ఆ డబ్బు ఆటగాళ్లను మార్చింది, కప్పులు తెచ్చింది. అదంతా అందరికీ తెలిసిన కథే. యార్క్ వెళ్లిన ఆ అభిమాని ఏమయ్యాడన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. డబ్బొచ్చాక పొగరెక్కిందని ఎదుటి జట్లవాళ్లు అంటారు. నాకలా అనిపించదు. అతని చేతిలో ఓ పనితనం ఉండేది, ఓటమిని నవ్వులాటగా మార్చే పనితనం. డబ్బు దాన్ని లాగేసుకుని, చేతిలో వకాల్తా పెట్టింది.

ఆ పనితనం వెనుక శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1880లో తూర్పు మాంచెస్టర్‌లోని వెస్ట్ గార్టన్‌లో సెయింట్ మార్క్స్ చర్చి వాళ్లు ఈ జట్టు కట్టారు. చుట్టూ ఇంజినీరింగ్ కార్ఖానాలు, ఇరుకు ఇళ్లు, తాగుడు, స్కట్లర్లని పేరుపడ్డ కుర్రాళ్ల ముఠాల కొట్లాటలు. మగపిల్లల్ని వీధుల్లోంచి తప్పించడానికి ఆట మంచి దారి అనుకున్నారు. ఆ జట్టే 1887లో ఆర్డ్‌విక్, 1894లో మాంచెస్టర్ సిటీ అయింది. 1923లో మాస్ సైడ్‌లోని మెయిన్ రోడ్ మైదానానికి మారింది. 1934 మార్చిలో స్టోక్‌తో ఎఫ్ఏ కప్ మ్యాచ్‌కు అక్కడ 84,569 మంది పోగయ్యారు. ఇంగ్లండ్‌లో ఏ క్లబ్ సొంత మైదానంలోనూ అంత జనం మళ్లీ చేరలేదు. అంటే, షేక్ డబ్బుతో అభిమానుల్ని కొనుక్కున్న క్లబ్ అనే మాట ఎంత వట్టిదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

జనం ఉన్నారు గానీ జట్టును నమ్ముకోవడానికి లేదు. 1937లో లీగ్ విజేత. మరుసటి ఏడు లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టి కూడా రెండో డివిజన్‌లోకి జారిపోయింది. విజేత హోదాలో ఉండి ఆ మరుసటి సీజన్‌లోనే కిందికి పడిన జట్టు ఇంగ్లండ్‌లో ఇంకోటి లేదు. 1968లో మళ్లీ లీగ్, 1976లో లీగ్ కప్. అంతే, ఆ తర్వాత 35 ఏళ్లు పెద్ద కప్పు ఒక్కటీ లేదు. ఆ కాలంలోనే ఊరి అవతలి యునైటెడ్ కప్పులు పేర్చుకుంటూ పోయింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్ అభిమానులు ఒక బ్యానర్ కట్టి, సిటీ ఖాళీ చేతులతో ఉన్న ఏళ్లను లెక్కపెడుతూ ఏటా అంకె మార్చేవాళ్లు. పగవాడికైనా అంత ఓపికుండదు.

పక్కింట్లో రోజూ పెళ్లి జరుగుతుంటే ఏడుస్తూ కూర్చోలేరు కదా. సిటీవాళ్లు నవ్వడం నేర్చుకున్నారు. 1987లో ఒకాయన మ్యాచ్‌కు గాలి ఊదిన ప్లాస్టిక్ అరటిపండు తెచ్చాడు. ఏడాది తిరిగేసరికి గ్యాలరీ నిండా అరటిపండ్లే. 1988 క్రిస్మస్ మర్నాడు స్టోక్‌లో ఆటకు వేలమంది వేషాలేసుకుని, అరటిపండ్లు పట్టుకుని వెళ్లారు. జట్టు 3-1తో ఓడింది. అభిమానుల జాతర మాత్రం ఇంగ్లండ్ అంతా పాకి, తక్కిన క్లబ్‌లవాళ్లు కూడా ఏదో ఒకటి గాలి ఊది తేవడం మొదలుపెట్టారు. హింసకు, కంచెలకు పేరుపడ్డ ఆ దశకంలో ఇది చిన్న విషయం కాదు. ఒంటరి ప్రేమికుడి విషాదగీతం ‘బ్లూ మూన్’ను తమ పాటగా ఎంచుకున్నదీ ఆ దరిదాపుల్లోనే. గెలుపు పాట పాడుకునే అవసరం అప్పటికి రాలేదు.

1996 వసంతం ఆ క్లబ్ స్వభావానికి అద్దం. ఏప్రిల్ 27, 28 తేదీల్లో ఒయాసిస్ బృందం మెయిన్ రోడ్‌లో రెండు రాత్రులు కచేరీ చేసింది. ఆ బృందంలోని గలాఘర్ సోదరులు సిటీ అభిమానులు. ప్రపంచంలో ఆ రోజు అంతకన్నా పెద్ద బ్యాండ్ లేదు, మైదానం కిటకిట. సరిగ్గా వారానికి, మే 5న, అదే గడ్డి మీద లివర్‌పూల్‌తో చివరి మ్యాచ్. స్కోరు 2-2. వేరే మైదానాల ఫలితాలు అనుకూలంగా వచ్చాయని, డ్రా చాలని ఎవరో తప్పు కబురు మోశారు. మేనేజర్ అలన్ బాల్ టైమ్ వృథా చేయమన్నాడు. స్టీవ్ లోమస్ బంతిని మూల జెండా దగ్గర పెట్టుకుని కాలయాపన చేశాడు. నిజానికి సిటీకి ఇంకో గోల్ కావాలి. ఆ సంగతి ఆటగాళ్లకు తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. సిటీ కిందికి జారింది.

ఇలాంటి వాటికి ‘సిటీఐటిస్’ అని జబ్బు పేరు పెట్టింది తర్వాత వచ్చిన మేనేజర్ జో రాయల్. 1998లో జట్టు మూడో అంచెకు పడిపోయింది. మామూలుగా అప్పుడు జనం తగ్గాలి. ఆ ఏడు మెయిన్ రోడ్‌కు సగటున 28 వేల మందికి పైగా వచ్చారు. పై లీగ్‌లో ఆడే ఎన్నో క్లబ్‌లకు అంతమంది లేరు. అవతలి గట్టు మీద కప్పులే కప్పులు, ఇవతల టికెట్ కొనేవాళ్లే జట్టుకు ఆస్తి. ‘మేం ఉన్నాం కాబట్టి క్లబ్ ఉంది’ అన్న నమ్మకం పుట్టింది అక్కడే. కాస్త డాంబికం లేకపోలేదు గానీ, ఒట్టి గొప్ప కాదు.

ఆ సీజన్ చివరి ఘట్టం 1999 మే 30న వెంబ్లీలో జరిగింది. గిలింగ్‌హామ్‌తో ప్లేఆఫ్ ఫైనల్. 89 నిమిషాలయ్యేసరికి సిటీ 0-2తో వెనుకబడి ఉంది. అభిమానులు గుంపులు గుంపులుగా లేచి బయటికి నడిచారు. కెవిన్ హార్లాక్ ఒకటి కొట్టాడు. 95వ నిమిషంలో పాల్ డికోవ్ రెండోది కొట్టాడు. లోపలి కేక విని, రైలెక్కబోతున్నవాళ్లు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. గోల్‌కీపర్ నికీ వీవర్ పెనాల్టీలు ఆపి గెలిపించాడు. నాలుగు రోజుల ముందే యునైటెడ్ బార్సిలోనాలో ఇలాగే ఆఖరి క్షణాల్లో రెండు కొట్టి యూరప్ కప్పు ఎత్తింది. సిటీవాళ్ల అద్భుతం మూడో అంచె నుంచి రెండో అంచెకు ఎక్కడానికి. ఆ తేడాను తామే చెప్పుకుని తామే నవ్వుకోవడం సిటీ మర్యాద.

డబ్బు మొదట వచ్చింది అబుదాబి నుంచి కాదు, అది చాలామంది మరచిపోతారు. పదవి పోయిన థాయ్ ప్రధాని తక్సిన్ షినవత్ర 2007లో క్లబ్ కొన్నాడు. మానవ హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అభిమానులు ఆయన ఇంటిపేరు పలికే తీరును బట్టి సినాట్రాను గుర్తుచేసుకుని ‘ఫ్రాంక్’ అని ముద్దుపేరు పెట్టేసుకున్నారు. నైతిక ప్రశ్నను నవ్వుతో దాటేయడం అప్పుడే అలవాటైంది. మరుసటి ఏడు షేక్ మనుషులు వచ్చినప్పుడు కొందరు వంటింటి తుండుగుడ్డలు తలకు చుట్టుకుని మైదానానికి వచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పత్రికలు రాసినా, అప్పటికి అదీ పాత వేషాల కోవలోనిదే. తమాషా ఎవరి మీదో కాదు, తమ మీదే. లంకెబిందెలు దొరికినవాడు అద్దంలో చూసుకుని పకపకా నవ్వినట్టు.

2010 అక్టోబరులో పోలండ్ జట్టు లెక్ పొజ్నాన్ మాంచెస్టర్ వచ్చినప్పుడు దాని అభిమానులు మైదానానికి వీపు తిప్పి, భుజాలు కలిపి గెంతారు. సిటీవాళ్లు ఆ గంతును ‘పొజ్నాన్’ పేరుతోనే తమది చేసుకున్నారు. 2011 మే 14న ఎఫ్ఏ కప్ వచ్చింది. యునైటెడ్‌వాళ్ల అంకెల బ్యానర్‌కు పని లేకుండా పోయింది. అయితే అదే రోజు యునైటెడ్ తన 19వ లీగ్ టైటిల్ ఖాయం చేసుకుంది, ఆ చిన్న చిల్లు కూడా పాత పద్ధతిలోనే పడింది.

పాత సిటీ, కొత్త సిటీ ఒకే మైదానంలో ఒకే క్షణంలో కలిసింది 2012 మే 13న. క్వీన్స్ పార్క్ రేంజర్స్‌పై గెలిస్తే 44 ఏళ్ల తర్వాత లీగ్ దక్కుతుంది. ఎదుటి జట్టులో ఒకడు రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు, అయినా 90 నిమిషాలకు సిటీ 1-2తో వెనుక. టీవీ కెమెరాలు గ్యాలరీల్లో ఏడుస్తున్న పెద్దమనుషుల్ని చూపించాయి. కోట్లు పోసి కొన్నా సిటీఐటిస్ తగ్గలేదన్న ఏడుపు అది. జెకో సమం చేశాడు. గడియారం 93 నిమిషాల 20 సెకన్లు చూపిస్తుండగా అగ్వేరో మూడోది కొట్టాడు. యునైటెడ్‌తో పాయింట్లు సమానం, గోల్ తేడాతో టైటిల్. వెంబ్లీ 1999కి నకలు కథే, ఈసారి కోటీశ్వరుల వేషంలో. అన్నేళ్ల నిస్పృహ లేకపోతే ఆ అరుపుకి అంత బలం ఉండేది కాదు. ఆ తర్వాత ఏ టైటిలూ అలా వినిపించలేదు.

2016లో మేనేజర్‌గా గార్డియోలా వచ్చాక గెలుపు ఋతువుల్లా వచ్చిపోవడం మొదలైంది. 2012 నుంచి 2024 దాకా ఎనిమిది లీగ్ టైటిళ్లు, చివరి నాలుగు వరసగా. 2023లో లీగ్, ఎఫ్ఏ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ. 2011లో ఎనిమిదేళ్లున్న పిల్లాడు పెద్దవాడై, తన జట్టు ఓడుతుందని నమ్మడం కూడా రాకుండా తయారయ్యాడు. తండ్రికీ కొడుక్కీ జట్టు ఒకటే, క్లబ్ మాత్రం వేరు. ఇప్పటి స్టేడియం పేరు ఎతిహాద్‌ను ఎదుటివాళ్లు ‘ఎంప్టీహాడ్’ అని ఖాళీ సీట్లతో ఎగతాళి చేస్తే కొడుక్కి కోపం వస్తుంది. తండ్రి అయితే తానే ఆ జోకు ముందు వేసి ఉండేవాడు.

కొత్త కోపానికి కారణాలున్నాయి. యూరప్ మ్యాచ్‌ల ముందు చాంపియన్స్ లీగ్ గీతం మొదలవగానే సిటీ గ్యాలరీ బూ అంటుంది, ఇది పొగరు కాదు. 2012లో పోర్టో అభిమానుల జాతి దూషణలకు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఆ క్లబ్‌కు 20 వేల యూరోలు జరిమానా వేసి, రెండో అర్ధభాగానికి నిమిషం లోపు ఆలస్యంగా వచ్చినందుకు సిటీకి 30 వేలు వేసింది. 2014లో మాస్కోలో సీఎస్‌కేఏతో మ్యాచ్‌ను జనం లేకుండా ఆడించాలని శిక్ష వేస్తే, శిక్షపడ్డ సీఎస్‌కేఏ అభిమానులు కొందరు లోపల ఉన్నారు, సిటీవాళ్లను మాత్రం బయట నిలబెట్టారు. అక్కడి నుంచి బూలు ముదిరాయి.

ఆ తర్వాత క్లబ్ ఆర్థిక లెక్కల గొడవ వచ్చింది. 2020లో యూఈఎఫ్ఏ రెండేళ్ల నిషేధం, అది క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో కొట్టివేత, 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ మోపిన వందకు పైగా అభియోగాలు. ఆ వారమే ఆస్టన్ విల్లాతో మ్యాచ్‌కు అభిమానులు కట్టిన బ్యానర్ మీద ఆటగాడి బొమ్మ లేదు. క్లబ్ తరఫు న్యాయవాది లార్డ్ పానిక్ ఉన్నాడు. మాంచెస్టర్ బృందం స్మిత్స్ పాట ‘పానిక్’తో ఆయన పేరు కలిపి చమత్కరించారు. పాతకాలపు హాస్యం ఇంకా బతికే ఉంది, కానీ దాని పని మారింది. ఒకప్పుడు తమను తాము ఆటపట్టించుకునేవాళ్లు, ఇప్పుడు తమ పక్షాన వాదించేవాణ్ణి పొగుడుతున్నారు. స్పాన్సర్‌షిప్ విలువలు, ఆడిట్ నివేదికలు, కాలపరిమితి నిబంధనలు, ఇవన్నీ సగటు అభిమానికి కంఠతా వచ్చేశాయి. అబుదాబిలో మానవ హక్కుల సంగతి అడిగితే మిగతా క్లబ్‌ల యజమానుల జాతకం మొత్తం విప్పుతాడు. జవాబు సగం నిజమే. ప్రశ్న మాత్రం అక్కడే ఉంటుంది.

ఇంకోవైపు, మాంచెస్టర్ ముఖం చూడని అభిమానులు లక్షల్లో పెరిగారు. యజమానుల సంస్థ 2019లో ముంబై సిటీలో 65 శాతం వాటా కూడా కొంది. మన హైదరాబాద్‌లోనూ లేత నీలి చొక్కాలు కనిపిస్తాయి. ఓ విచిత్రం ఏమిటంటే బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లను ప్రత్యక్షంగా టీవీలో వేయకూడదన్న నిబంధన ఇప్పటికీ ఉంది. టికెట్ దొరకని గార్టన్‌వాసికి కనిపించని ఆట, హైదరాబాద్ కుర్రాడు రాత్రి అన్నం తింటూ చూస్తాడు. వీళ్లను ‘ప్లాస్టిక్’ అభిమానులని వెటకరించడం మాంచెస్టర్‌వాళ్లకు మామూలు. ఒకప్పుడు యునైటెడ్ అభిమానుల్ని ‘ఊరివాళ్లు కారు’ అని తిట్టింది కూడా వీళ్లే, నాకైతే అదే అన్నిటికన్నా సరదాగా అనిపిస్తుంది.

స్టేడియంలో ‘మాంచెస్టర్ మీకు కృతజ్ఞతలు చెబుతోంది, షేక్ మన్సూర్’ అని ఓ బ్యానర్ ఉంటుంది. ఆ కృతజ్ఞత అబద్ధం కాదు, అలాగని గుడ్డిదీ కాదు. 2013 జనవరిలో ఆర్సెనల్ మైదానంలో అతిథి టికెట్‌కు 62 పౌండ్లు అడిగితే, సిటీకి కేటాయించినవాటిలో 912 అమ్ముడుపోక వెనక్కి వెళ్లాయి. 2021 ఏప్రిల్‌లో సూపర్ లీగ్‌లో చేరిన తమ క్లబ్ మీదే తిరగబడ్డారు, క్లబ్ రెండు రోజుల్లో తప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో లెస్టర్‌తో మ్యాచ్‌కు, టికెట్లు తిరిగి అమ్మే సంస్థతో క్లబ్ చేసుకున్న ఒప్పందాన్ని నిరసిస్తూ, చాలామంది మొదటి 9 నిమిషాలు సీట్లలోకి రాలేదు. పరాజయాల కాలంలో క్లబ్‌ను మోసింది తామేనన్న పాత లెక్క వాళ్లు ఇంకా చెరిపెయ్యలేదు, టికెట్ ధర పెరిగిన ప్రతిసారీ యాజమాన్యం ముందు పెడుతూనే ఉన్నారు.