ఆయుధమనఁగా నేమి? శాసనములును కమ్మరి కొలిమియు

మన విశ్వకర్మ కులజుల పంచవృత్తులలో కమ్మరము ప్రధానమైనది. నాఁగటికఱ్ఱు, కొడవలి, గొడ్డలి, ఖడ్గము అన్నియు నొక్క కొలిమినుండియే వెలువడును. ఇనుమొక్కటే, సమ్మెటయు నొక్కటే. అయినను శాసనము వీనిలోఁ గొన్నిఁటిని పనిముట్లనియుఁ గొన్నిఁటిని ఆయుధములనియు వేఱుపఱచుచున్నది. ఆ భేదము నెఱుఁగని పనివాఁడు తన విద్యచేతనే దోషి కావచ్చును. కావున దాని చరిత్ర మనకుఁ దెలియవలయును.

పూర్వము హైదరాబాదున ఫిరంగులు పోఁతపోయుట రాజకార్యము. నిజామలీఖాను కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు 1795లో నెలకొల్పిన కర్మశాల పేరుననే నేఁటికిని ఆ పేట గన్‌ఫౌండ్రీ యనఁబడుచున్నది. 1798లో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనఁగా ఫ్రెంచి పటాలములు నిరాయుధములయ్యెను. తుపాకి యెవరి చేత నుండవలయునను ప్రశ్న అధికార మెవరిదను ప్రశ్నయే యని దీనివలన స్పష్టము.

బ్రిటిషిండియాలో లిట్టను ప్రభువు కాలమున 1878లో వెలువడిన శాసనము తుపాకులు, బాయినెట్లు, ఖడ్గములు, బాకులు, ఈఁటెలు, విల్లమ్ములు, ఫిరంగులు మున్నగువానిని పేరుపేరున నెన్నెను. అది యొక పట్టిక వంటిది.

స్వతంత్రభారతము చేసిన 1959 నాఁటి శాసనము 1962 అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చెను. ఇది వస్తువు పేరుతోఁ దృప్తిపడక దాని యుద్దేశము నడుగుచున్నది. దాడికిఁగాని రక్షణకుఁగాని ఆయుధముగా రూపొందింపఁబడినదియు, అట్లు మార్పఁబడినదియు ఆయుధమే. కేవలము గృహకృత్యములకు, వ్యవసాయమునకు నుద్దేశింపఁబడినవియు, లాఠీయు, సామాన్యమైన చేతికఱ్ఱయు ఆయుధములు కావు. ప్రేలుడుపదార్థముచేతఁగాని, మఱియొక శక్తిచేతఁగాని గుండును వెడలించునట్లు చేయఁబడినది తుపాకి జాతిలోఁ జేరును. మందు లేకపోయినంత మాత్రమున శాసనము విడువదు. ఆయుధభాగములును, వానిని చేయు యంత్రములును దీని పరిధిలోనివే. మరమ్మతునకు సైతము నెలవు లేని ప్రాఁత తుపాకులకు మాత్రము మినహాయింపు గలదు.

ఇందు మన వృత్తివారు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. తుపాకిని క్రొత్తగాఁ జేయుటకే కాదు, బాగుచేయుటకును, మార్చుటకును లైసెన్సు కావలయును. 2019 నాఁటి సవరణచే లైసెన్సులేని తయారీకి ఏడేండ్లకుఁ దక్కువ కాని, యావజ్జీవము వఱకు సాగఁగల శిక్ష విధింపఁబడినది. ఒక్కరికి మూఁడు తుపాకులుండు హద్దు రెండునకుఁ దగ్గెను. పెండ్లియూరేగింపులలో నిర్లక్ష్యముగాఁ దుపాకి కాల్చి యితరుల ప్రాణములకు ముప్పు తెచ్చుటయు శిక్షార్హమయ్యెను.

1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మన యువకులనేకులు కొలిమి విడిచి యచటి కంప్యూటర్లకడఁ జేరిరి. నేఁడు గణకయంత్రముపై గీచిన నమూనాను ముద్రణయంత్రము ప్లాస్టిక్కుతో వస్తువుగా రూపొందింపఁగలదు. శాసనము తుపాకి యినుముతోనే యుండవలయునని చెప్పలేదు. గుండును వెడలించునట్లు చేయఁబడిన ప్లాస్టిక్కు గొట్టమును తుపాకియే. ఆటగా ముద్రించితినను మాట రక్షింపదు. సైబరాబాదు పరిధిలో లైసెన్సు నిచ్చు అధికారము పోలీసు కమిషనరుది.

కొడవలి చేయువాఁడు భయపడ నక్కఱలేదు. తుపాకి బాగుచేయుమని వచ్చినవానికి లైసెన్సులేనివాఁడు లేదనుటయే క్షేమము. ఈ శాసనసారమును తెలుఁగున నచ్చొత్తించి ప్రతి కొలిమికిని, ప్రతి విద్యార్థివసతికిని అందఁజేయుటకు సంఘపోషకులు పూనుకొందురు గాక.