వర్చువల్ మెషీన్లలో హాట్ అన్‌ప్లగ్ నియంత్రణ

వర్చువల్ మెషీన్ నడుస్తుండగానే దాని నెట్‌వర్క్ కార్డునో డిస్కునో ఊడదీయడాన్ని హాట్ అన్‌ప్లగ్ అంటారు. మెషీన్ లోపలి వాడుకరి ఆ పని చేయకుండా హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) దగ్గరే అడ్డుకట్ట వేయడం ఈ వ్యాస విషయం.

హాట్ అన్‌ప్లగ్ మూలం అసలు సర్వర్లలో ఉంది. సర్వరు ఆపకుండా చెడిపోయిన కార్డు మార్చుకునేందుకు 1997లో పీసీఐ హాట్‌ప్లగ్ ప్రమాణం వచ్చింది. తర్వాతి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లకు ఒక బటన్ పెట్టుకునే వీలు కల్పించారు. అది నొక్కితే దీపం 5 సెకన్లు మిణుకుమంటుంది, ఆలోపు మళ్లీ నొక్కితే పని రద్దవుతుంది. కార్డు తీసే మనిషి పెట్టె పక్కనే నిలబడి ఉంటాడన్నది ఈ ఏర్పాటుకు ఆధారం. హైపర్‌వైజర్లు హార్డ్‌వేర్‌ను అచ్చుగుద్దినట్టు అనుకరించేసరికి ఊడదీసే వీలు కూడా గెస్ట్‌లోకి, అంటే మెషీన్ లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి, వచ్చేసింది.

చిక్కు విండోస్ గెస్టుల్లో బయటపడింది. టాస్క్‌బార్ మూలన పెన్‌డ్రైవ్ తీయడానికి నొక్కే గుర్తు కింద వర్చువల్ నెట్‌వర్క్ కార్డు పేరు కూడా కనిపించేది. పొరపాటున దాని మీద నొక్కితే రిమోట్ డెస్క్‌టాప్ అక్కడికక్కడే తెగిపోతుంది, ఎందుకంటే ఆ తెర వచ్చేది ఆ కార్డు గుండానే. క్యూఈఎంయూ అనే ఓపెన్‌సోర్స్ హైపర్‌వైజర్‌లో అయితే గెస్ట్ ఊడదీసిన పరికరం హోస్ట్ (మెషీన్‌ను నడిపే అసలు కంప్యూటర్) వైపు కూడా చెరిగిపోతుంది. లోపల రీబూట్ చేసినా తిరిగి రాదు. అడ్మిన్ బయటినుంచి మళ్లీ తగిలించాలి, లేదా మెషీన్‌ను పూర్తిగా ఆపి మొదలుపెట్టాలి.

వీఎంవేర్ 2009 నాటి వీస్ఫియర్ 4తో పరికరాల హాట్‌ప్లగ్‌ను విస్తరించింది. వద్దనుకునేవారు మెషీన్ కాన్ఫిగరేషన్ ఫైల్లో ‘డివైసెస్.హాట్‌ప్లగ్’ను ‘ఫాల్స్’ చేస్తే చాలు. అయితే అది మెషీన్ మొత్తానికి ఒకటే తాళం.

క్యూఈఎంయూ, దానికి తోడుగా లినక్స్ కెర్నెల్‌లో ఉండే కేవీఎం లోకంలో దారి ఇంకా వంకరగా సాగింది. క్యూ35 (పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న మెషీన్ నమూనా)లో పరికరాన్ని నేరుగా మూల బస్సు మీద పెడితే అది ఊడదు. చాలాకాలం అదే ఉపాయం. 2020 ఏప్రిల్‌లో వచ్చిన క్యూఈఎంయూ 5.0 రూట్ పోర్టుకు (పరికరాన్ని తగిలించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌కు) ‘హాట్‌ప్లగ్’ అనే గుణం చేర్చింది. దాన్ని ‘ఆఫ్’ చేస్తే ఈ స్లాట్‌లో హాట్‌ప్లగ్ కుదురుతుందని గెస్ట్‌కు చెప్పే బిట్ సున్నా అవుతుంది, విండోస్ ఇక ఆ కార్డును జాబితాలో చూపదు. వెంటనే మెషీన్ల నిర్వహణకు వాడే లిబ్‌వర్ట్ 6.3.0 దాన్ని మెషీన్ వివరాల ఎక్స్‌ఎంఎల్‌లో రాసుకునే వీలిచ్చింది. పాత ఐ440ఎఫ్‌ఎక్స్ మెషీన్ నమూనాలో హాట్‌ప్లగ్ ఏసీపీఐ (హార్డ్‌వేర్ వివరాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే ప్రమాణం) పట్టికల ద్వారా జరుగుతుంది కాబట్టి, మూల బస్సుకు వేరే మీట కావలసి వచ్చింది. అది అదే ఏడాది డిసెంబరులో 5.2తో వచ్చింది. ఒక్కో పోర్టుకు ఒక్కో తాళం అన్న ఈ పద్ధతే మేలైనది. గెస్టుల్లో గ్రూప్ పాలసీలు, రిజిస్ట్రీ మార్పులు ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోతే ఏదో ఒకటి తప్పిపోతుంది.

ఈ తాళానికి ఒక ఖరీదుంది. ‘ఆఫ్’ చేసిన పోర్టులో కొత్త పరికరం తగిలించడమూ కుదరదు. లైవ్ మైగ్రేషన్ కోసం అసలు కార్డును తాత్కాలికంగా తీసేసే ఫెయిలోవర్ పద్ధతికి (క్యూఈఎంయూ 4.2, 2019) హాట్ అన్‌ప్లగ్ తప్పనిసరి. కాబట్టి ఎప్పుడూ తీయనక్కరలేని నెట్‌వర్క్ కార్డున్న పోర్టును మూసి, ఖాళీ పోర్టులు కొన్ని తెరిచి ఉంచుకోవాలి. లిబ్‌వర్ట్‌లో ఈ గుణం డిఫాల్టుగా ‘ఆన్’లోనే ఉంటుంది, ‘ఆఫ్’ అని అడ్మినే రాసుకోవాలి.